శీర్షికాక్షరంలో స్థూలసూక్ష్మాలు

అక్షరం అంటే నశింపు లేనిది అని మన పెద్దలు వ్యుత్పత్తి చెప్పారు. అయితే కాగితం మీదికి దిగివచ్చిన అక్షరానికి ఒక దేహం కూడా ఉంటుంది. ఆ దేహానికి ఎత్తూ వెడల్పూ ఉంటాయి. లావూ సన్నమూ ఉంటాయి. అది దుర్బలమైతే అందులో నివసించే భావం ఎంత గొప్పదైనా పాఠకునికి అందదు. సాహిత్య విద్యార్థులమైన మనం భావాన్ని గురించి, శైలిని గురించి, శిల్పాన్ని గురించి ఎంతో చర్చిస్తాం. వాటిని మోసుకొనివచ్చే అక్షరరూపాన్ని గురించి మాత్రం ఆలోచించడం అరుదు. ఆ లోపాన్ని కొంతవరకైనా తీర్చాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

దీనికి మమ్మల్ని పురికొల్పినది మా పొరపాటే. ఒక సంవత్సరం కళాశాల బహుమతి ప్రదానోత్సవానికి ఆహ్వానపత్రం సిద్ధం చేసే బాధ్యత మామీద పడింది. మెరుగైన రూపం కావాలన్న ఉత్సాహంతో, లావు గీత మిక్కిలి లావుగాను, సన్న గీత వెంట్రుకవలెను ఉండే ఒక ఆంగ్ల అక్షరాన్ని ఎన్నుకొన్నాము. పత్రం పైభాగాన కళాశాల పేరు ఆ అక్షరంలో రాజసంగా నిలిచింది. ఆ సొగసుకు మురిసి, వెనుకవైపు బహుమతులు పొందిన విద్యార్థుల పేర్ల పట్టికను కూడా అదే అక్షరంలో, చిన్న పరిమాణంలో కూర్పించాము. ప్రతులు చేతికి వచ్చేసరికి సన్న గీతలన్నీ మాయమైనాయి. మిగిలినవి నిలువు కడ్డీల వరుసలు మాత్రమే. ఉత్సవం నాడు ఒక తండ్రి కళ్ళజోడు తుడుచుకొని, ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి, "మా అమ్మాయి పేరు ఇందులో ఉందన్నారు, ఎక్కడుందో కాస్త చూపిస్తారా సార్?" అని అడిగినారు. చూపించడానికి మాకే కొంత సేపు పట్టింది. ఆ క్షణాన మా ఎంపిక మీద మాకున్న గర్వం తొలగిపోయింది. అటువంటి అక్షరం ఎందుకు పుట్టింది, అది ఎక్కడ రాణిస్తుంది, ఎక్కడ మోసం చేస్తుంది అన్న విచారణ అప్పుడు మొదలైంది.

రెండు పదాల వివరణ

ముందుగా రెండు పదాలను తెలిసికొందాం. ఆంగ్లాది యూరోపు భాషల అచ్చక్షరాలలో గీత ముగిసేచోట చిన్న అడ్డగీత ఒకటి ఉంటుంది. స్తంభానికి పీఠంవలె అది అక్షరాన్ని నిలబెడుతుంది. దానిని సెరిఫ్ అంటారు. ఆ పీఠం లేకుండా గీతలు నేరుగా ముగిసే అక్షరాలను శాన్స్ సెరిఫ్ అంటారు. ఫ్రెంచి భాషలో శాన్స్ అనగా 'లేకుండా' అని అర్థం.

రెండవది స్థూలసూక్ష్మ భేదం. ఒకే అక్షరంలో కొన్ని గీతలు లావుగా, కొన్ని సన్నగా ఉండడాన్ని ఇట్లా పిలుద్దాం. ఈ తేడా తక్కువగా ఉంటే అక్షరం ఒకే లావు తీగను వంచి చేసినట్లు కనిపిస్తుంది. జర్మనీలో పాల్ రెన్నర్ రూపొందించగా 1927లో వెలువడిన ఫ్యూచురా అటువంటిది. ఈ తేడా ఎక్కువైతే అక్షరంలో వెలుగునీడలు పుడతాయి. ఇటలీలో బొడోనీ, ఫ్రాన్సులో దీదో వంశీయులు పద్దెనిమిదవ శతాబ్దం చివర ఈ తేడాను పరాకాష్ఠకు తీసికొనిపోయారు. కాని వారి అక్షరాలకు సెరిఫులు ఉన్నాయి.

మన వ్యాసవిషయం ఈ రెండింటి కలయిక: సెరిఫ్ ఉండదు, స్థూలసూక్ష్మ భేదం మాత్రం ఎక్కువగా ఉంటుంది. ఇటువంటి అక్షరాలను పుస్తకపు లోపలి పాఠానికి కాక శీర్షికలకు, ప్రకటనలకు, గోడపత్రాలకు, ఫలకాలకు వాడతారు. ఈ ఉపయోగానికి ఏర్పడిన అక్షరాలకే డిస్‌ప్లే టైపు అని పేరు. మనం శీర్షికాక్షరం అనుకొందాం.

కలం నుండి అచ్చుకు

గీతలో లావూ సన్నమూ ఎందుకు ఏర్పడుతాయి? ఈ ప్రశ్నకు సమాధానం మన ఉర్దూ విభాగం విద్యార్థులకు సులభంగా తెలుస్తుంది. రెల్లుకలం మొనను ఏటవాలుగా కోసి రాసినప్పుడు, కలం తన వెడల్పు దిశకు అడ్డంగా కదిలితే లావు గీత, ఆ దిశలోనే జారితే సన్న గీత పడుతుంది. చెయ్యి ఒకటే, కలం ఒకటే. దిశ మారినందువల్ల గీత మారింది. నస్తాలిఖ్ లిపి సౌందర్యమంతా ఈ మార్పులోనే ఉన్నది. ఆ లిపిలో అలిఫ్ ఎత్తును కూడా కలపు మొన వేసే చుక్కలతోనే, మూడు చుక్కలుగా కొలుస్తారు.

రోమన్ లిపిలో జరిగినదీ ఇదే. వెడల్పు మొన కలంతో రాసిన లేఖకుల చేతివాటం వల్ల ఆ లిపిలో లావుసన్నాల స్థానాలు స్థిరపడ్డాయి. 'ఏ' అనే పెద్దక్షరంలో ఎడమ వాలుగీత సన్నం, కుడి వాలుగీత లావు. 'ఎన్' అక్షరంలో రెండు నిలువులూ సన్నం, మధ్య వాలుగీత లావు. 'యూ'లో ఎడమ నిలువు లావు, కుడి నిలువు సన్నం. 'ఓ'లో రెండు పక్కలూ లావు, పైనా కిందా సన్నం. ఎప్పుడో కలం చేసిన ఈ నిర్ణయాలకు ఆ లిపి చదివేవారి కన్ను శతాబ్దాల తరబడి అలవాటు పడింది. నేటికీ ఎవరైనా 'ఏ' అక్షరంలో లావుసన్నాలను తారుమారు చేస్తే, కారణం చెప్పలేకపోయినా పాఠకుడు ఏదో తప్పు జరిగిందని గుర్తిస్తాడు.

అచ్చులో మొదటి శాన్స్ సెరిఫ్ అక్షరాలు 1816 ప్రాంతంలో, లండన్ నగరంలో నాలుగవ విలియం కాస్లన్ టైపుల నమూనా పుస్తకంలో కనిపించాయి. అవి పెద్దక్షరాలు మాత్రమే. తరువాత ఆ శతాబ్దమంతా ప్రకటనల అవసరం పెరిగినకొద్దీ ఈ జాతి అక్షరాలు వృద్ధి పొందాయి. ఇరవయ్యవ శతాబ్దపు మూడవ దశకం చివర అమెరికాలో మోరిస్ ఫుల్లర్ బెంటన్ బ్రాడ్‌వే అనే అక్షరాన్ని రూపొందించారు. అందులో ఒక పక్క నల్లని దిమ్మె, మరొక పక్క దారపు పోగు. నాటకశాలల ప్రకటనలకు, హోటళ్ళ పేర్లకు అది ఆ కాలపు చిహ్నంగా మారింది. అయితే స్థూలసూక్ష్మ భేదాన్ని అలంకారంగా మాత్రమే చూడక, దాని వెనుక ఒక సిద్ధాంతాన్ని నిలబెట్టిన ప్రయోగం పారిస్‌లో జరిగింది. అదే పేన్యో అక్షరం.

పారిస్ ప్రయోగం

ఈ కథలో ఇద్దరు వ్యక్తులు ఉన్నారు. మొదటివారు కసాంద్ర్ అనే కలం పేరుతో ప్రసిద్ధులైన అడోల్ఫ్ మూరోన్. ఆయన 1901లో నేటి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నగరంలో ఫ్రెంచి కుటుంబంలో జన్మించారు. యౌవనంలో పారిస్ చేరి గోడపత్రాల చిత్రకారుడైనారు. ఉత్తర నక్షత్రం అన్న పేరుగల రైలుబండికి 1927లోను, నార్మండీ అనే మహానౌకకు 1935లోను ఆయన గీసిన గోడపత్రాలు ఈనాటికీ చిత్రకళా పాఠశాలలలో ఉదాహరణలుగా నిలుస్తున్నాయి. గోడపత్రంలో బొమ్మ ఒకటి, అక్షరం ఒకటి అని విడదీయరాదనీ, రెండూ కలిసి ఒకే నిర్మాణం కావాలనీ ఆయన విశ్వసించారు. రెండవవారు షార్ల్ పేన్యో. దెబెర్నీ పేన్యో అనే టైపు ఫౌండ్రీకి అధిపతి. కొత్తదనాన్ని ఆదరించే సాహసం గల వ్యాపారి. వీరిద్దరి కలయికవల్ల 1929లో బిఫూర్ అనే విచిత్రమైన శీర్షికాక్షరం, 1937లో పేన్యో వెలువడ్డాయి.

కసాంద్ర్ ఆలోచన సారాంశం ఇది. రోమన్ లిపికి మూలరూపాలు పెద్దక్షరాలు. చిన్నక్షరాలు అనేవి వాటిని వేగంగా రాసే లేఖకుల చేతిలో కాలక్రమాన వంగి, అరిగి ఏర్పడిన రూపాలు. చేతితో రాసే రోజుల్లో ఆ వంపులకు కారణం ఉన్నది. సీసంతో పోతపోసి యంత్రంతో ముద్రించే కాలంలో ఆ వంపులను ఇంకా ఎందుకు కాపాడాలి? కాబట్టి చిన్నక్షరాల స్థానంలో కూడా మూలరూపాలనే చిన్న పరిమాణంలో నిలపాలి.

అయితే ఆయన ఒక చిక్కును గుర్తించారు. పెద్దక్షరాలతోనే రాసిన మాట పొడుగుపాటి ఇటుకవలె ఉంటుంది. అన్ని మాటలకూ ఒకే ఆకారం. మనం వేగంగా చదివేటప్పుడు పైకి లేచే గీతలు, కిందికి దిగే గీతలు మాటకు ఒక బాహ్యరేఖను ఇచ్చి కంటికి సాయపడతాయి. అందుచేత పేన్యోలో 'ఏ', 'ఈ', 'జీ', 'ఎన్', 'ఆర్', 'టీ' వంటి అక్షరాలకు పెద్దక్షరాల రూపమే ఇచ్చి, 'బీ', 'డీ' వంటి వాటికి పైకి లేచే చిన్నక్షర రూపాన్ని నిలిపి ఉంచారు. ఫలితంగా అది పెద్దక్షరాల వరుసా కాదు, చిన్నక్షరాల వరుసా కాదు. యూరోపు మధ్యయుగాల తొలినాటి లేఖకుల లిపిని తలపించే ఒక మిశ్రమం. ఆ పాత లిపికి ఉండే కలపు నడకను ఆయన స్థూలసూక్ష్మ భేదంగా నిలిపారు. గీతల కొనలలో సెరిఫ్ మాత్రం ఉంచలేదు. ప్రాచీనమైన ఎముక మీద ఆధునికమైన చర్మం కప్పినట్లు అయింది. సన్నము, మధ్యమము, లావు అనే మూడు బరువులలో ఫౌండ్రీ వారు దీనిని పోతపోశారు.

ఆ సంవత్సరమే పారిస్ నగరంలో అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. అందుకోసం నిర్మించిన షాయో ప్రాసాదం నుదుటి మీద కవి పాల్ వాలెరీ వాక్యాలను చెక్కించారు. ఆ ప్రదర్శన వాతావరణంలో పేన్యో అక్షరం నగరమంతటికీ పరిచయమైంది. కొత్త యుగానికి కొత్త లిపి లభించిందన్న ఉత్సాహం దాని నిర్మాతలలో ఉన్నది. గ్రంథాలు కూడా ఇకమీదట ఈ అక్షరంలో ముద్రితమౌతాయని వారు ఆశించారు.

పాఠకుని తీర్పు

ఆ ఆశ నెరవేరలేదు. ప్రకటనలలో, గోడపత్రాలలో పేన్యోకు ఆదరణ లభించింది. పుస్తకాల లోపలి పుటలలో మాత్రం అది స్థిరపడలేదు. కారణం వెదకడం కష్టం కాదు. చిన్నక్షరాలు పుట్టిన తీరు ఏదైనప్పటికీ, వేయి సంవత్సరాలకు పైగా కోట్ల కళ్ళు వాటిని చదివాయి. ఆ అభ్యాసమే ఒక శాసనం. మూలరూపం ఏది, అరిగిన రూపం ఏది అని చరిత్రకారుడు విచారించవచ్చును. నవల చదివే పాఠకునికి ఆ విచారణతో పనిలేదు. కన్ను తడబడకుండా సాగాలి. పేన్యోలో నాలుగు మాటల శీర్షిక చదివితే కంటికి ఒక వింత ఆనందం. నాలుగు పుటలు చదివితే అదే వింత అడుగడుగునా అడ్డుపడుతుంది.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత, అలంకారం లేని సమరేఖల అక్షరాలను కోరిన స్విట్జర్లాండ్ దేశపు ముద్రణ ఉద్యమం ప్రబలింది. పేన్యో వెనుకబడింది. కాని నశించలేదు. అమెరికా టెలివిజన్‌లో 1970 నుండి 1977 వరకు ప్రసారమైన మేరీ టైలర్ మూర్ హాస్య ధారావాహికకు పేరు చూపే అక్షరంగా అది మళ్ళీ ఇంటింటికీ వచ్చింది. లిపి సంస్కర్తగా ఓడిపోయిన అక్షరం శీర్షికాక్షరంగా గెలిచింది. కసాంద్ర్ 1968లో, షార్ల్ పేన్యో 1983లో మరణించారు. వారి అక్షరం నేటి కంప్యూటర్లలో కూడా లభిస్తున్నది.

ఈ చరిత్రలో మాకు కనిపించిన ముఖ్యాంశం ఒకటున్నది. అక్షరం గీసే శిల్పికి పాఠకుని చూపును ఆకర్షించే స్వేచ్ఛ ఉన్నది. పాఠకుని అలవాటును ఆజ్ఞాపించి మార్చే అధికారం మాత్రం లేదు. శీర్షికలో ఆ స్వేచ్ఛకు చోటు ఎక్కువ, లోపలి పాఠంలో తక్కువ.

నిర్మాణంలోని చిక్కులు

సెరిఫ్ లేకుండా స్థూలసూక్ష్మ భేదం చూపడం పైకి కనిపించినంత తేలిక కాదు. సెరిఫ్ ఉన్నప్పుడు సన్న గీత కొనకు ఒక ఆధారం ఉంటుంది. కన్ను ఆ కొనను గుర్తించి ఆగుతుంది. సెరిఫ్ తీసివేస్తే సన్న గీత గాలిలో ముగిసినట్లు ఉంటుంది. అందుచేత శిల్పి ప్రతి కొననూ విడిగా నిర్ణయించాలి: నిటారుగా తెంచాలా, ఏటవాలుగా కోయాలా, కొంచెం విప్పారనివ్వాలా అని.

రెండవ చిక్కు కూడళ్ళది. లావు గీత నుండి సన్న గీత బయలుదేరేచోట నలుపు పేరుకొని మరకవలె కనిపిస్తుంది. అక్కడ లోపలి మూలను కొద్దిగా తొలిచి తెలుపును లోనికి రానివ్వాలి. మూడవది కంటి భ్రమ. కొలబద్ద పెట్టి చూస్తే ఒకే లావున్న అడ్డగీత, నిలువుగీతలలో అడ్డగీతే లావుగా కనిపిస్తుంది. ఒకే ఎత్తున్న చతురస్రం, వృత్తాలలో వృత్తం పొట్టిగా కనిపిస్తుంది. అందువల్ల 'ఓ' వంటి గుండ్రని అక్షరాన్ని పైనా కిందా రేఖలను కాస్త దాటించి గీస్తారు. కొలబద్దకు సరిపోవడం కన్నా కంటికి సరిపోవడం ఇక్కడ ప్రధానం.

నాలుగవది ఎడం. పెద్ద పరిమాణంలో అక్షరాల మధ్య ఖాళీ ఎక్కువగా తోస్తుంది కాబట్టి శీర్షికలో వాటిని దగ్గరకు చేరుస్తారు. అదే కూర్పును చిన్నది చేస్తే అక్షరాలు ఒకదానికొకటి అంటుకొంటాయి. ఐదవది తిరగవేత. నల్లని నేల మీద తెల్లని అక్షరం వేసినప్పుడు చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకి సన్న గీతలను మింగివేస్తుంది. అటువంటి పనికి ఇంకొంచెం లావైన రూపాన్ని ఎన్నుకోవడం ముద్రాపకులు పాటించే జాగ్రత్త.

ఒక చిన్న లెక్క

విజ్ఞానశాస్త్ర విద్యార్థుల కోసం ఈ విషయాన్ని లెక్కలో చూపుతాము. టైపు పరిమాణాన్ని పాయింట్లలో కొలుస్తారు; 72 పాయింట్లు ఒక అంగుళం, అనగా 25.4 మిల్లీమీటర్లు. 72 పాయింట్ల శీర్షికాక్షరంలో పెద్దక్షరం ఎత్తు 18 మిల్లీమీటర్లు అనుకొందాం. లావు గీత అందులో ఆరవ వంతు, అనగా 3 మిల్లీమీటర్లు. సన్న గీత లావు గీతలో ఎనిమిదవ వంతు అయితే 0.375 మిల్లీమీటరు. మంచి పెన్సిలు గీతవలె స్పష్టంగా కనిపిస్తుంది.

ఇప్పుడు అదే అక్షరాన్ని 8 పాయింట్లకు తగ్గిద్దాం. అన్ని కొలతలూ తొమ్మిదవ వంతు అవుతాయి. సన్న గీత 0.042 మిల్లీమీటరు. అంగుళానికి 600 చుక్కలు వేసే ప్రింటరులో ఒక చుక్క వెడల్పు కూడా సరిగ్గా అంతే. అంటే ఆ గీత బ్రతుకు ఒకే ఒక చుక్క మీద ఆధారపడి ఉన్నది. 300 చుక్కల ప్రింటరులో దానికి సగం చుక్క మాత్రమే దక్కుతుంది. ఆ కాగితాన్ని మళ్ళీ జిరాక్సు తీసినా, ఫోటో తీసి ఫోనులో పంపినా ఇక చెప్పనక్కరలేదు. మా ఆహ్వానపత్రంలో పేర్లు మాయం కావడానికి కారణం ఈ భాగహారమే.

పూర్వం సీసపు అక్షరాల కాలంలో ఈ ప్రమాదం తక్కువ. ప్రతి పరిమాణానికీ విడిగా ఉక్కు అచ్చు చెక్కే శిల్పి, చిన్న పరిమాణంలో సన్న గీతలను తగుమాత్రం లావు చేసేవాడు. అక్షరాన్ని కొంచెం వెడల్పు చేసి ఎడం పెంచేవాడు. తరువాత ఫోటో పద్ధతి, కంప్యూటరు పద్ధతి వచ్చి ఒకే గీతచిత్రాన్ని ఎంతకైనా పెంచే, తగ్గించే సౌలభ్యాన్ని ఇచ్చాయి. సౌలభ్యంతోపాటు ఆ శిల్పి వివేకం తొలగిపోయింది. 2016లో వెలువడిన ఓపెన్‌టైప్ నూతన ప్రమాణం, పరిమాణాన్ని బట్టి గీతల లావు తనంతట సర్దుకొనే ఫాంట్లకు వీలు కల్పించి, ఆ పాత వివేకాన్ని కొంతవరకు తిరిగి తెచ్చింది.

గోడపత్రానికి, వేదిక మీది గుడ్డపటానికి లెక్క మరొక విధం. కంటి వైద్యుని పటంలో 6 మీటర్ల దూరాన మంచి దృష్టిగలవారు చదువగలిగే అక్షరం ఎత్తు సుమారు 9 మిల్లీమీటర్లు. దాని గీత లావు సుమారు 1.75 మిల్లీమీటర్లు. ఆ గీత కంటివద్ద ఒక నిమిషం కోణం చేస్తుంది. సభలో చివరి వరుస 18 మీటర్ల దూరంలో ఉన్నదనుకొంటే, సన్న గీత కూడా నిస్సందేహంగా కనబడడానికి దానికి మూడు రెట్లు, అనగా సుమారు 5.25 మిల్లీమీటర్లు కావాలి. మన నిష్పత్తి ప్రకారం లావు గీత 42 మిల్లీమీటర్లు, అక్షరం ఎత్తు 25 సెంటీమీటర్లు అవుతుంది. ఇంత స్థలం ఉంటే ఈ జాతి అక్షరం రాజువలె ప్రకాశిస్తుంది. లేనిచోట సమరేఖల అక్షరమే శరణ్యం.

మితం పాటించిన అక్షరం

పేన్యోకు తమ్ముని వంటి అక్షరం ఒకటున్నది. దాని కథ కూడా చెప్పుకోవాలి. జర్మన్ అక్షరశిల్పి హెర్మన్ జాప్ 1950లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరం దర్శించారు. అక్కడి శాంతా క్రోచె దేవాలయపు నేలలో పరచిన సమాధి ఫలకాల మీద సెరిఫ్ లేకుండా, లావుసన్నాలతో చెక్కిన పురాతన అక్షరాలు ఆయనకు కనిపించాయి. చేతిలో రాసుకొనే కాగితం లేనందున వేయి లీరాల నోటు మీదనే వాటి నమూనాలు గీసికొన్నారు. ఆ బీజం నుండి 1958లో ఆప్టిమా అక్షరం వెలువడింది. జాప్ దానిని మొదట శీర్షికల కోసమే తలపెట్టినా, ఒక మిత్రుని సలహా మేరకు లోపలి పాఠానికి కూడా పనికివచ్చేటట్లు తీర్చిదిద్దారు. అందుకోసం స్థూలసూక్ష్మ భేదాన్ని మితం చేశారు. గీతను నడుమ కాస్త సన్నగా, కొనలలో కాస్త విప్పారినట్లుగా గీశారు. చిన్నక్షరాల అలవాటైన రూపాలను చెదరనివ్వలేదు.

ఈ మితానికి ఫలం 1982లో కనిపించింది. వాషింగ్టన్ నగరంలో వియత్నాం యుద్ధంలో మరణించిన, జాడ తెలియని అమెరికా సైనికుల స్మారకాన్ని మాయా లిన్ రూపకల్పన ప్రకారం నిర్మించారు. నిగనిగలాడే నల్లరాతి గోడ మీద 58,000కు పైగా పేర్లు ఆప్టిమా అక్షరాలలో చెక్కి ఉన్నాయి. ఒక్కొక్క అక్షరం అర అంగుళం కన్నా ఏమంత పెద్దది కాదు. అక్కడికి వచ్చే తల్లి వెదికేది ఒక్క పేరు. ఆమె వేలు ఆ రాతి మీద ఆ పేరును తడుముతుంది. కాగితం ఆనించి పెన్సిలుతో రుద్ది ఆ పేరు ముద్రను ఇంటికి తీసికొనిపోతుంది. అటువంటి చోట సన్న గీత చెదిరిపోయే అక్షరాన్ని పెట్టి ఉంటే అది కళ అనిపించుకొనేదా? ఈ విషయం చదివినప్పుడు, వెలుతురుకు కాగితం పట్టి కుమార్తె పేరు వెదకిన ఆ తండ్రి మాకు జ్ఞాపకం వచ్చారు. సందర్భాలు వేరు. ఒకచోట దుఃఖం, ఒకచోట సంతోషం. పేరు మీద పాఠకునికి ఉండే హక్కు మాత్రం ఒక్కటే.

మన రెండు లిపులు

ఈ చర్చ రోమన్ లిపికి సంబంధించినదే అయినా, రెండు భాషల సంచికను వెలువరించే మనం దీనినుండి గ్రహింపవలసినది ఉన్నది. సెరిఫ్ అనే భావనను తెలుగుకు యథాతథంగా అన్వయించడానికి వీలులేదు. తెలుగు అక్షరం నెత్తిన ఉండే తలకట్టును చూసి అదే సెరిఫ్ అని కొందరు పొరబడవచ్చును. తలకట్టు అలంకారం కాదు; హల్లులోని అకారానికి గుర్తు. 'క' మీది తలకట్టు స్థానంలో పొల్లు వస్తే అది 'క్' అవుతుంది. సెరిఫ్ తీసివేస్తే ఆంగ్లాక్షరం ఉచ్చారణ మారదు. తలకట్టు తీసివేస్తే తెలుగక్షరం ఉచ్చారణే మారుతుంది. అందుకే నోటో వంటి నేటి ఫాంటు కుటుంబాలలో సెరిఫ్ అన్న పేరుతో వచ్చిన తెలుగు రూపానికీ, శాన్స్ అన్న పేరుతో వచ్చిన తెలుగు రూపానికీ ముఖ్యమైన భేదం స్థూలసూక్ష్మాలలోనే ఉన్నది. ఇక వత్తులు, గుడులు, సుడులు చిన్న స్థలంలో ఒదగవలసినవి కాబట్టి, లావుసన్నాల తేడా హెచ్చిన తెలుగు శీర్షికాక్షరాన్ని చిన్నది చేస్తే మొదట చెడేది వత్తే. వత్తు చెడితే మాటే మారిపోతుంది.

ఉర్దూ నస్తాలిఖ్ సంగతి వేరు. సెరిఫ్ అవసరం లేకుండానే స్థూలసూక్ష్మ భేదాన్ని పుట్టుకతోనే కలిగిన లిపి అది. దానిని అచ్చులోకి తేవడం ఎంత కష్టమో, 1981లో నూరీ నస్తాలిఖ్ వచ్చేవరకు ఉర్దూ ప్రపంచం ఎక్కువగా కాతిబుల చేతిరాత మీదనే ఆధారపడి ఉండడాన్ని బట్టి గ్రహించవచ్చును. మిర్జా అహ్మద్ జమీల్ తన చేతితో వేలాది అక్షర సంయోగాలను రాసి ఆ టైపుకు ప్రాణం పోశారు. ఒకే ముఖపత్రం మీద నస్తాలిఖ్ పేరు, తెలుగు పేరు పక్కపక్కన నిలిచినప్పుడు, ఒకటి లావుసన్నాలతో ప్రవహిస్తూ, మరొకటి ఒకే లావు తీగవలె ఉంటే వాటి మధ్య మైత్రి కుదరదు. కొంచెం స్థూలసూక్ష్మ భేదం గల తెలుగు శీర్షికాక్షరాన్ని ఎన్నుకొంటే రెండు లిపులూ ఒకే కలం రాసినట్లు కనిపిస్తాయి. ఆ ఎంపికకు అర్హమైన స్థలం ముఖపత్రమే, పేర్ల పట్టిక కాదు.

ముగింపు

చెప్పినదానిని సంగ్రహిద్దాం. స్థూలసూక్ష్మ భేదం హెచ్చిన శాన్స్ సెరిఫ్ అక్షరం పిలిచే కంఠం వంటిది. సభ ప్రారంభంలో ఒకసారి ఎలుగెత్తి పిలవడానికి అది తగినది. ఆ కంఠంతోనే గంటసేపు ప్రసంగిస్తే వినేవారు అలసిపోతారు. పెద్ద పరిమాణం, కొద్ది మాటలు, చుట్టూ తగినంత తెలుపు, చదివేవాని దూరానికి సరిపోయే సన్న గీత అనే నాలుగూ సమకూరినప్పుడు దానిని నిస్సంకోచంగా వాడవచ్చును. వీటిలో ఏ ఒక్కటి లోపించినా దానిని పక్కనపెట్టడమే ఉచితం.

కళాశాల సంఘం పెద్దలకు మా విన్నపం ఒకటి. ఆహ్వానపత్రం గాని, ఫలకం గాని, గోడపత్రం గాని ఆమోదించే ముందు దాని నమూనాను కంప్యూటరు తెర మీద చూసి సరిపెట్టుకోవద్దు. అసలు పరిమాణంలో ముద్రించి, పాఠకుడు నిలబడే దూరంలో నిలబడి చూడండి. వీలైతే కళ్ళజోడు ధరించే ఒక వృద్ధుని చేతికి ఇచ్చి చదివించండి. విద్యార్థి మిత్రులకు కూడా ఒక మాట. మీలో చిత్రలేఖనం తెలిసినవారు, ఖుష్నవీసుల చేతివ్రాతను ఇంటివద్ద చూసినవారు, గణితం అభ్యసించేవారు ఉన్నారు. ఈ మూడూ కలిసేచోట అక్షరశిల్పం అనే విద్య ఉన్నది. తెలుగుకు, ఉర్దూకు మంచి శీర్షికాక్షరాలు ఇంకా ఎన్నో కావాలి.

ఈ సంవత్సరపు సంచికలో బహుమతులు పొందినవారి పేర్లను సాదా అక్షరంలో, ఒక పరిమాణం పెంచి వేయించాము. ముద్రణకు పంపే ముందు ఆ పుటను మసక వెలుతురులో ఒకసారి చదివి చూసుకొన్నాము. ప్రతి పేరూ కనిపించింది.